గోళ్ళరంగు పూసిన హారం

ఆదివారం పొద్దున పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఈశ్వరి కానాగంత చేపలు కోస్తోంది. భర్త దుర్గారావు బోటు దిగి వచ్చి రెండు రోజులే అయింది, ఇంట్లో ఇంకా డీజిల్ వాసన పోలేదు. అత్తగారు వరహాలమ్మ గడప మీద కూర్చుని చింతపండు పిసుకుతూ, తలకాయలు పారెయ్యొద్దని, పులుసులోకి ఉంచమని చెప్పి, అదే గొంతుతో ఇంకో సంగతి కూడా చెప్పేసింది.

“వచ్చే నెల్లో మన ధనశ్రీకి ఓణీల ఫంక్షనంట. మేనమావ ఏటెట్టాడని నలుగురూ సూత్తారు గదా. నీ మావిడిపిందిల హారం ఎట్టేద్దారని అనుకున్నాం, నానూ దుర్గారావూను.”

చెప్పడం అయిపోయింది, ఆవిడ మళ్ళీ చింతపండు పనిలో పడిపోయింది. ఈశ్వరి చేతిలో చేప జారి నీళ్ళ గిన్నెలో పడింది. ధనశ్రీ అంటే ఆడపడుచు గంగాలమ్మ కూతురు. ముత్యాలమ్మపాలెంలో ఉంటారు. పదమూడేళ్ళ పిల్ల, సెలవులకు వచ్చిందంటే అత్తా అత్తా అంటూ ఈశ్వరి కొంగు వదలదు. ఆ పిల్లకి ఏదైనా పెట్టడానికి ఈశ్వరికి బాధ లేదు. బాధల్లా ఆ ‘అనుకున్నాం’ దగ్గరే. హారం ఈశ్వరిది, అనుకున్నది వాళ్ళిద్దరూ. కిందటేడు కుక్కర్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లది కావాలని తనను అడిగారు. హారం ఇచ్చేసేటప్పుడు మాత్రం అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి మొగుణ్ణి అడిగింది, నిజమేనా అని. దుర్గారావు ఫోన్లోంచి తల ఎత్తకుండా “అమ్మ సెప్పింది కదే, మల్లీ నన్నడుగుతావేటి” అన్నాడు. చెడ్డవాడేం కాదు దుర్గారావు. తాగి వచ్చి చెయ్యి చేసుకునే రకం కాదు. పదిహేనేసి రోజులు సముద్రం మీద ఒళ్ళు హూనం చేసుకుని వస్తాడు. కాకపోతే ఒడ్డు మీద సంగతులన్నీ అమ్మ చూసుకుంటుందనే నమ్మకంలో పుట్టి పెరిగాడు. పెళ్ళయ్యాక ఈశ్వరి కూడా ఆ ఒడ్డు మీద సంగతుల్లో ఒకటైంది.

ఆ హారం ఈశ్వరి తల్లి చేయించింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళపాటు తెల్లవారకముందే హార్బరుకు పోయి, వేలంపాటలో చేపలు దక్కించుకుని, గంప నెత్తికెత్తుకుని వన్ టౌన్ సందులన్నీ తిరిగి అమ్మిన మనిషి. ఏడాదికి రెండు పిందెలు, మరీ బాగుంటే మూడు. అలా కొద్దికొద్దిగా కంసాలి చేత చేయించుకుంటూ పోతే హారం పూర్తయ్యేసరికి ఏడేళ్ళు పట్టింది. పిందెకీ పిందెకీ మధ్య చిన్న ఎర్రరాయి. లోపల లక్క నింపిన పిందెలు కాబట్టి చూడ్డానికి నిండుగా ఉన్నా మెడకు బరువు తెలియదు. పెళ్ళిలో దాన్ని కూతురి మెడలో వేసి, “ఎట్టుకుని తిరగవే, దాసుకోకు” అంది ఆవిడ. ఆ మాట అన్న నాలుగో రోజునే వరహాలమ్మ హారాన్ని ఎర్ర మఖమలు పెట్టెలో పెట్టి, కొడుకు పేరున ఉన్న బ్యాంకు లాకరుకు పంపించేసింది. పిల్లకి తెలియదు, పోగొట్టుకుంటుంది అంది. ఆ పిల్లకి ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. ఇంకా తెలియలేదు కాబోలు.

ఏడాదికి ఒకటీ రెండు పెళ్ళిళ్ళకు హారం బయటికి వచ్చేది. దాంతోపాటు నియమాలు కూడా వచ్చేవి. ఒంటరిగా వెళ్ళకు, షేర్ ఆటో ఎక్కకు, పిల్లల్ని ఎత్తుకోకు, కొంగు కప్పుకో, కునుకు తియ్యకు, డప్పుల దగ్గరికి అసలే పోకు. మిగతా ఆడవాళ్ళు ఊరేగింపులో చెంగు బిగించి గెంతుతూ ఉంటే ఈశ్వరి గోడ పక్కన కుర్చీలో, చెయ్యి గుండెల మీద పెట్టుకుని కూర్చునేది. తిరిగి ఇంటికి వస్తే గడప దగ్గర, చెప్పులు కూడా విప్పకముందే, వరహాలమ్మ వెనక నుంచి వచ్చి మెడ మీద కొక్కెం విప్పేది. ఆ ఎండు వేళ్ళు మెడకు తగలగానే ఈశ్వరికి ఒళ్ళు ముడుచుకుపోయేది. ఆవిడ పిందెలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుని, “బంగారం నా సేతికి తెలుస్తాదే, సీకట్లో అయినా” అని పెట్టెలో పెట్టుకునేది. ఆ తర్వాతే ఈశ్వరికి మంచినీళ్ళు. నిజం చెప్పాలంటే పెళ్ళికి వెళ్ళేది హారమే. ఈశ్వరి దాన్ని మోసుకుని వెళ్ళేది, అంతే.

ఆరేళ్ళ కిందట వేట నిషేధం రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టమై ఆమె పరవాడలో మందుల కంపెనీకి వెళ్ళింది, మాత్రల ప్యాకింగులోకి. రెండు నెలల కోసమని మొదలెట్టింది ఆరేళ్ళయింది. నాలుగింటికి లేచి వంట, నీళ్ళు పట్టడం, పిల్లల క్యారేజీలు, అత్తగారి బీపీ మాత్ర గిన్నె పక్కన పెట్టడం. అయిదున్నరకు కంపెనీ బస్సు. పది గంటలు మాత్రలు కదిలే బెల్టు పక్కన నిలబడి, మళ్ళీ వచ్చి వంట. “మాత్తర్లకి డబ్బాలెట్టడవే గదా, కూకుని సేసే పని” అంటాడు దుర్గారావు. ఆ కంపెనీలో కుర్చీ ఎలా ఉంటుందో ఈశ్వరికి ఇంతవరకూ తెలియదు.

అక్కడ లోపలికి వెళ్ళే ముందు ఒక గది ఉంది. ఆడవాళ్ళంతా అక్కడ ఒంటి మీద ఉన్నవన్నీ తీసేయాలి. గాజులు, కమ్మలు, ముక్కుపుడక, మట్టెలు, చివరికి తాళి కూడా. గోళ్ళకు రంగు ఉండకూడదు. మందులో ఏదీ రాలి పడకూడదట. తాళి తీస్తున్నానని ఇంట్లో చెప్పిన రోజు వరహాలమ్మ గగ్గోలు పెట్టింది. దుర్గారావు మాత్రం “కంపెనీ రూలంటమ్మా” అని ఒక్క ముక్క అన్నాడు, ఆవిడ సర్దుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మేనేజరు చెబితే తాళి తీయొచ్చు, తాను అడిగినా హారం ఒక్క పూట ఇంట్లో ఉంచకూడదు అని ఈశ్వరికి ఆ రోజు బాగా అర్థమైంది. అయినా ఆ గది అంటే ఆమెకు ఇష్టమే. నలభై మంది ఆడవాళ్ళు బోసి మెడలతో, బోసి చేతులతో, ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ తెలియకుండా ఒకేలా నిలబడతారు. మొదట్లో సిగ్గనిపించింది గానీ తర్వాత తర్వాత హాయిగా ఉండేది.

ఇక కంపెనీ బస్సులో ఆడవాళ్ళ నగల డబ్బా ఒకటుంది. అది మొదలెట్టింది నూకరత్నం. ఈశ్వరి పక్క బెల్టులో పనిచేస్తుంది, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. రోజూ తీసి పెట్టుకోవడానికి బంగారం ఎందుకు, పోతే ఏడవడం ఎందుకు అని గిల్టు కమ్మలు, గిల్టు గొలుసులు కొనుక్కుని రావడం మొదలెట్టింది. చూసి మిగతావాళ్ళు కొన్నారు. అమ్మాయిలు ఒకరివి ఒకరు పెట్టుకుని చూసుకుంటూ ఉండగా, అందరివీ కలిపి ఒక చోట పెడితే పోలేదా అని ఎవరో అన్నారు. పెద్ద బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి డ్రైవర్ ఎల్లాజీ సీటు వెనక కట్టేశారు. ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్ళు అందులోంచి నచ్చింది పట్టుకెళ్ళొచ్చు. తిరిగి తెచ్చేటప్పుడు చెమట తుడిచి, మీద ఒక పూత రంగులేని గోళ్ళరంగు వేసి, ఓ మిఠాయి ముక్క తేవాలి. సముద్రపు గాలికి గిల్టు పది రోజుల్లో నల్లబడుతుంది, ఆ పూత వేస్తే కొన్నాళ్ళు ఆగుతుంది. గోళ్ళకు వేసుకోకూడని రంగును వాళ్ళు నగలకు వేసేవాళ్ళు. సాయంత్రం బస్సు కూర్మన్నపాలెం దాటేసరికి వెనక సీట్లలో ఒకరి చెవులకు నెమలి జూకాలు, ఇంకొకరి మెడలో పచ్చల నెక్లెసు. చీకటిపడి ఇళ్ళ దగ్గర దిగేలోగా తీసి డబ్బాలో వేసేవాళ్ళు. ఆ గంట సేపూ ఆ బస్సు అంత కళగా ఊళ్ళో ఇంకేదీ ఉండదని ఈశ్వరి నమ్మకం.

ఈశ్వరి మొదటిసారి వన్ టౌన్‌లో జగ్గారావు గిల్టు నగల కొట్టుకు వెళ్ళిన రోజు ఇప్పటికీ గుర్తే. కప్పు నుంచి నేల దాకా సెట్లు వేలాడుతున్నాయి. తెల్లరాళ్ళవి, కెంపులవి, ముత్యాలవి, గులాబీ రంగు పూసలవి. బంగారం కొనాలంటే ఇంట్లో అయిదుగురు కూర్చోవాలి, మంచిరోజు చూడాలి, ఎవరికి ఎంత అని తేలాలి, చివరికి కొన్నాక నచ్చిందా అని అడగరు, ఎంత తూగిందని అడుగుతారు. ఇక్కడ ఓ బిర్యానీ ఖరీదుకి, తనంతట తాను, తన మెడకు ఏది నప్పుతుందో అద్దంలో చూసుకుని ఎంచుకోవచ్చు. పుట్టి బుద్ధెరిగాక తన ఒంటికి తాను ఎంచుకున్న మొదటి వస్తువు ఆ కొట్లోదే. అక్కడే ఓ మూల తన హారంలాంటిదే కనిపించింది. అచ్చు అవే మామిడిపిందెలు, అవే ఎర్రరాళ్ళు. అమ్మ హారం ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు కదా అనుకుని దాన్ని కొనేసింది.

కిందటేడు పూడిమడకలో దుర్గారావు బాబాయి కొడుకు పెళ్ళయింది. లాకర్లోంచి బంగారు హారం తీసి ఇచ్చారు. ఈశ్వరి చేతిసంచిలో గిల్టు హారాన్ని కూడా రహస్యంగా పట్టుకెళ్ళింది. మధ్యాహ్నం ఊరేగింపు మొదలయ్యే వేళకు పెళ్ళికూతురి గదిలో మూలకు తిరిగి బంగారాన్ని సంచిలో వేసి, గిల్టుది మెడలో వేసుకుని బయటికి వచ్చింది. డప్పుల ముందు గెంతింది. పధ్నాలుగేళ్ళ అరువు తీర్చుకున్నట్టు, జుట్టు ఊడిపోయేదాకా గెంతింది. భోజనాల పిలుపు రాగానే మళ్ళీ గదిలోకి పరిగెత్తి, జనం తోసుకుంటూ ఉండగా, చెమట చేతులతో ఒకటి తీసి ఇంకొకటి వేసుకుంది. ఇంటికి వచ్చాక గడప దగ్గర వరహాలమ్మ మామూలుగానే విప్పుకుంది, తడిమి చూసుకుంది, సోమవారం హారం లాకరుకు వెళ్ళిపోయింది. సంచిలోది ఒక పూత వేయించుకుని బస్సులో డబ్బాలోకి చేరింది. అందులో కొత్తేం లేదు.

అత్తగారు ఆ మాట చెప్పిన ఆదివారం నుంచి ఈశ్వరికి ముద్ద దిగడం లేదు. గట్టిగా అడగాలంటే పిల్ల ముఖం కళ్ళ ముందు కనిపిస్తుంది, మేనకోడలికి పెట్టడానికి ఏడ్చిందని ఊరంతా అంటారు. ఊరుకుందామంటే అమ్మ గంప కనిపిస్తుంది. ఆ శనివారం కంపెనీకి సెలవు. బస్సులో ముగ్గురు అమ్మాయిలు తమకూ అలాంటి హారాలే తెచ్చిపెట్టమని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. డబ్బాలో అన్నీ నల్లబడ్డాయి గానీ ఈ హారం ఏడాదైనా చెక్కుచెదరలేదు, మంచి సరుకు, ఏ కొట్లో కొన్నావు అని. మనసు మళ్ళుతుందని, శుక్రవారం డబ్బాలోంచి తెచ్చుకున్న ఆ హారాన్ని పట్టుకుని జగ్గారావు కొట్టుకు వెళ్ళింది, ఇలాంటివి ఇంకో మూడు కావాలంది.

జగ్గారావు హారం చేతిలోకి తీసుకుని, కొక్కెం తిప్పి చూసి, దూదితో పూత కాస్త తుడిచాడు. మళ్ళీ చూశాడు. కొట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఇది మా సరుకు కాదమ్మా. మాదైతే కొక్కెం ఎనక సుక్కుంటాది. ఇది బంగారం. బంగారానికి గోళ్ళరంగు పూసినోళ్ళని నాను ఎక్కడా సూడ్లేదు.”

ఈశ్వరి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. నీళ్ళు తాగింది. ఆ తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఈ ఏడాదంతా ఈ హారం ఎక్కడెక్కడ తిరిగిందో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నూకరత్నం ఆడపడుచు పెళ్ళికి తుని వెళ్ళింది. అనకాపల్లి జాతరలో ఎవరి మెడలోనో గెంతింది. గాజువాకలో ఒక బారసాలకు వచ్చిన ఏడాది పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించిందట, పంటి గాటు ఇంకా ఉంది. విడాకులు తీసుకున్న ఓ అమ్మాయి ఊరికే బుద్ధిపుట్టి ఓ ఆదివారం పెట్టుకుని బీచ్‌లో కూర్చుని వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా శుభ్రంగా తిరిగి వచ్చింది, ఓ కాజానో లడ్డూనో వెంటబెట్టుకుని మరీ. ఇక్కడ ఇది ఊరేగుతూ ఉంటే అక్కడ లాకర్లో, రెండు తాళాల వెనక, జగ్గారావు గిల్టు పడుకుని ఉంది. చీకట్లో అయినా చేతికి తెలుస్తుందన్న వరహాలమ్మే దాన్ని స్వయంగా పెట్టింది.

నవ్వు ఇంటికి చేరేదాకా నిలవలేదు. దారి పొడుగునా సంచిని గుండెకు అదుముకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా హారాన్ని బియ్యం డబ్బాలో అడుగున దాచింది. ఇక అక్కడి నుంచి మనశ్శాంతి పోయింది. గంటకోసారి వెళ్ళి బియ్యంలో చెయ్యి పెట్టి తడిమేది. కూతురు బియ్యం కొలవడానికి మూత తీస్తే దాని మీద ఇంతెత్తున లేచింది, పిల్ల బిత్తరపోయింది. కంపెనీలో ఉన్నా ధ్యాస డబ్బా మీదే. పక్కింటావిడ అప్పుగా గ్లాసెడు బియ్యం అడిగితే లేవని అబద్ధమాడింది. మంగళవారం సాయంత్రం బియ్యంలో చెయ్యి పెట్టి పిందెలు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఉండగా హఠాత్తుగా తన వేళ్ళు తనకే కనిపించాయి. అత్తగారి వేళ్ళలాగే కదులుతున్నాయి. ఈశ్వరికి భయం వేసింది. హారం పోతుందని కాదు, మూడు రోజుల్లో తాను వరహాలమ్మ అయిపోయిందని.

ఆ వేళ పొయ్యి దగ్గర కూర్చుని నిదానంగా ఆలోచించుకుంది. నోరు మూసుకుంటే లాకర్లోని గిల్టును బంగారమని ధనశ్రీ మెడలో వేస్తారు. ఏదో ఒకనాడు నల్లబడుతుంది, అప్పుడు గంగాలమ్మ వదిన ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది, పిల్ల ఎంత చిన్నబోతుంది, ఈశ్వరికి దొంగ అనే పేరు మిగులుతుంది. అది చెయ్యలేదు. గుట్టుచప్పుడు కాకుండా బంగారాన్ని పెట్టెలో పెట్టేస్తే అందరూ సంతోషిస్తారు, అమ్మ ఏడేళ్ళ గంప వెళ్ళిపోతుంది, వెళ్ళిపోయిందని బాధపడే హక్కు కూడా ఉండదు. ఎటు చూసినా తాను నోరు విప్పకుండా జరిగిపోయే పనులే. ఇన్నేళ్ళూ అలాగే జరిగాయి. ఇవ్వడమా మానడమా అన్నది తర్వాత, ముందు ఆ మాట తన నోట రావాలి అనుకుంది. మర్నాడు పొద్దున హారాన్ని బియ్యంలోంచి తీసి, జగ్గారావు తుడిచిన చోట కొత్తగా ఒక పూత వేసి, ఆరబెట్టి, బస్సెక్కగానే బిస్కెట్ల డబ్బాలో వేసేసింది. ఆ రోజు కంపెనీలో మధ్యాహ్నం అన్నం కడుపునిండా తింది.

గురువారం దుర్గారావు బ్యాంకుకు వెళ్ళి ఎర్ర పెట్టె తెచ్చాడు. వరహాలమ్మ మూత తీసి హారాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోతూ ఉంటే ఈశ్వరి చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. 

“అత్తా, అది గిల్టు. పూడిమడక పెళ్ళిలో మారిపోయింది. నానూ ఎరగను, మొన్న శనివారమే తెలిసింది.”

వరహాలమ్మ ముందు నమ్మలేదు. తడిమింది, కొంగుతో రుద్దింది, వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది. కొక్కెం వెనక చుక్క చూపించాక కూడా, “నా సేత్తో నానే ఇప్పాను గదే” అని రెండుసార్లు అంది. అదే ఆవిడకు మింగుడుపడలేదు. దుర్గారావు లేచి నిలబడ్డాడు. బంగారం పోయిందా అన్నాడు. లేదు, ఉంది అంది ఈశ్వరి. ఉంటే తెచ్చి పెట్టెలో పెట్టమన్నాడు, ఎక్కడ ఉందో చెప్పమన్నాడు.

“బస్సులో ఉంది మావా. బిస్కెట్ల డబ్బాలో.”

ఆ మాటకు వరహాలమ్మ గుండెలు బాదుకుంది.  సముద్రం మీద తుఫానుకు బెదరని దుర్గారావు, పాపం, బిస్కెట్ల డబ్బా అనేసరికి ఏం చెయ్యాలో తెలియక చొక్కా వేసుకుని మళ్ళీ విప్పేశాడు. ఏడాది నుంచీ అక్కడే ఉందని, ఇరవై మెడలు ఎక్కి దిగిందని, ఒక్క పిందె కూడా రాలలేదని ఈశ్వరి నెమ్మదిగా చెప్పింది. మీ లాకర్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని చూసి సంతోషించిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అడిగింది. 

చివరికి దుర్గారావు, “మరి అక్కకి ఏటి సెప్పాల?” అన్నాడు.

“ఆ హారం మా అమ్మ నాకెట్టింది, నాను ఇవ్వనన్నానని సెప్పు. మేనమావవి నువ్వు. నీ కట్టంతో నీకు తోసింది ఎట్టు, నాను కూడా వచ్చి అచ్చింతలేత్తాను.”

ఆ ఇంట్లో ‘ఇవ్వను’ అనే మాట ఆడగొంతుతో వినబడడం అదే మొదటిసారి. వరహాలమ్మ రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ బీపీ మాత్ర తనే తీసి వేసుకుంది, దాంతో ఆవిడకు ఆ పని వచ్చునని తేలింది. హారం బస్సులోనే ఉంటుందని ఈశ్వరి కచ్చితంగా చెప్పాక దుర్గారావు మూతి ముడుచుకుని తిరిగాడు గానీ శనివారం నాటికి ఆకుల డిజైను బంగారు కమ్మలు చిన్నవి తెచ్చి, బాగున్నాయా అని పెళ్ళాన్నే అడిగాడు. బాగున్నాయి అంది ఈశ్వరి. నిజంగానే బాగున్నాయి.

ఫంక్షన్ నాడు ముత్యాలమ్మపాలెంలో షామియానా కింద మైకులో పాటలు హోరెత్తుతున్నాయి. దుర్గారావు కమ్మలు పెట్టాడు. గంగాలమ్మ ముఖం కాస్త ముడుచుకుంది, హారం వస్తుందని వాళ్ళమ్మ ముందే చెప్పేసిందిగా. ఈశ్వరి వదిన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది, ఇవ్వనన్నది తానేనని కూడా చెప్పింది. గంగాలమ్మ అంతా విని, తన పెళ్ళి గాజులు ఆడపడుచు సీమంతానికి ఎలా వెళ్ళిపోయాయో చెప్పుకొచ్చింది. తననూ ఎవరూ అడగలేదట. ఆ తర్వాత ఆవిడ ముఖం తేటపడింది. ఈశ్వరి లాకర్లోంచి వచ్చిన గిల్టు హారాన్ని ధనశ్రీకి చూపించి, ఇది గిల్టు, నచ్చితే నీకే అంది. ఏడాదిపాటు గాలి తగలక అది కొత్తదానిలా మెరుస్తోంది.

“గిల్టా? అయితే స్కూల్లో డాన్సుకి ఎట్టుకెళ్ళొచ్చా అత్తా? అమ్మ తిట్టదు గదా?” అంది పిల్ల, కళ్ళు ఇంతింత చేసుకుని. అక్కడికక్కడే మెడలో వేసుకుని స్నేహితురాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. కమ్మలు మాత్రం గంగాలమ్మ బీరువాలోకి వెళ్ళిపోయాయి.

తిరుగుప్రయాణంలో బస్సులో వరహాలమ్మ కోడలి పక్కనే కూర్చుంది. గాజువాక దాకా కిటికీలోంచి చూస్తూ ఉండి, ఎవరూ వినకుండా, ఆ జగ్గారావు కొట్లో ఎర్రరాళ్ళ కమ్మలు కూడా ఉంటాయా అని అడిగింది. ఊరికే అడుగుతున్నానంది. తన ఒంటి మీద ఉన్నవన్నీ ఎవరో ఒకరు పెట్టినవేగానీ తాను చూసి కొనుక్కున్నది ఒక్కటీ లేదంది. వచ్చే శనివారం ఇద్దరం వెళ్దాం అంది ఈశ్వరి. 

సోమవారం సాయంత్రం కంపెనీ బస్సులో శ్రీసత్య డబ్బా ముందు కూర్చుని వెతుకుతోంది. ప్యాకింగులో కొత్తగా చేరిన పిల్ల, నిండా ఇరవై లేవు. వాళ్ళక్క పెళ్ళి, ఇంట్లో ఉన్న కాస్త బంగారమూ అక్కకే సరిపోయిందట. నెమలి జూకాలు పక్కన పెట్టి, మామిడిపిందెల హారం తీసి మెడ దగ్గర పెట్టుకుని చూసుకుంది. నూకరత్నం ఫోను అద్దంలా పట్టింది. ఆ పిల్ల మెడలో అది ఎంత బాగా నప్పిందంటే వెనక సీటు వాళ్ళు కూడా ముందుకు వంగారు. శ్రీసత్య ఒక్క క్షణం మురిసి, అంతలోనే తీసేయబోయింది.

“ఈశ్వరక్కా, ఇది సూత్తే అచ్చం బంగారంలాగుంది. పెళ్ళి గోలలో పోతే నానేటి సెప్పాల మీకు? వద్దులెండి, సిన్నది ఏదైనా ఎట్టుకుంటాను.”

నిజం చెబితే ఏమవుతుందో ఈశ్వరికి తెలుసు.  ఆ పిల్ల దాన్ని డబ్బాలో పెట్టేస్తుంది. ఇక ఎవరూ దాన్ని ముట్టుకోరు, మళ్ళీ దానికో పెట్టె, పెట్టెకో తాళం, తాళానికో మనిషి. పోతే పోతుంది, ఆ సంగతి కూడా ఆమె ఆలోచించుకుంది. పోయినా ఒక పిల్ల ఒళ్ళు మరిచి గెంతుతూ ఉండగా పోతుంది, అది తన లెక్కలో నష్టం కాదు. ఆమె లేచి వెళ్ళి, శ్రీసత్య జుట్టు పక్కకు జరిపి, మెడ వెనక కొక్కెం తన చేత్తోనే తగిలించింది.

“గిల్టేనే పిల్లా,” అంది. “బయపడకుండా ఎట్టుకెళ్ళు.”